పట్టా లేని తోటలో బొమ్మలు ఎందుకు లేస్తాయి

1997 చివర్లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ముందుకు ఓ విచిత్రమైన కేసు వచ్చింది. మాన్‌హాటన్‌లోని ఈస్ట్ 11వ వీధిలో ఖాళీగా పడి ఉన్న జాగాలో కొందరు కళాకారులు, చుట్టుపక్కల వాళ్లు కలిసి తోట వేసుకున్నారు. పక్క బిల్డింగుల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు గీశారు. మొక్కల మధ్య కాంక్రీటుతో, రాయితో, చెక్కతో, ఇనుముతో శిల్పాలు నిలబెట్టారు. స్థలమేమో సిటీది. అక్కడ అపార్ట్‌మెంట్లు కట్టడానికి బీఎఫ్‌సీ అనే బిల్డరు సిద్ధమయ్యాడు. కళాకారులు కోర్టుకెక్కారు. గోడ బొమ్మలు, శిల్పాలు, మొక్కలు వేరువేరుగా చూడొద్దు, తోట మొత్తం కలిపి ఒకే కళాఖండం, 1990 నాటి దృశ్య కళాకారుల హక్కుల చట్టం ప్రకారం దాన్ని ధ్వంసం చేయడానికి వీల్లేదు అన్నారు.

కోర్టు ఒప్పుకోలేదు. ఓనరు అనుమతి లేకుండా ఇంకొకరి స్థలంలో పెట్టి, అక్కణ్ణించి ఊడదీయడానికి కుదరని కళకు ఆ చట్టం వర్తించదని తేల్చింది. వర్తిస్తుందంటే రేపు ఎవరైనా ఏ ఖాళీ జాగాలోనైనా ఓ బొమ్మ పెట్టేసి, అక్కడ కట్టడం రాకుండా ఆపేయొచ్చు కదా అన్నది తీర్పులోని తర్కం.

కోర్టు దేనికి భయపడిందో, లోయర్ ఈస్ట్ సైడ్ అనే ఆ పేటలోని తోటల వాళ్లు అప్పటికి పాతికేళ్లుగా చేస్తూ వచ్చింది దాదాపు అదే. మన ఊళ్లలో గుడిసెలు వేసుకున్న చోట, ఇంకా కరెంటు స్తంభమైనా రాకముందే ఓ చిన్న గుడో, జెండా దిమ్మో, అంబేడ్కర్ విగ్రహమో ఎందుకు లేస్తుందో తెలిసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. చేతిలో పట్టా లేనప్పుడు ‘మేం ఇక్కడున్నాం’ అని చూపించడానికి కంటికి ఆనేది ఏదో ఒకటి కావాలి. న్యూయార్క్ తోటల్లో కళ చేసిన మొదటి పని అది. అది ఎంతవరకు అక్కరకొచ్చింది, ఎక్కడ చేతులెత్తేసింది, తోటలకు చట్టం అండ దొరికాక ఆ కళ ఏమైంది అన్నవి మాత్రం కాస్త లోతుగా చూడాల్సిన విషయాలు.

కాలిన ఇళ్ల మీద

1970ల్లో న్యూయార్క్ దివాలా అంచున ఉంది. 1975లో సిటీ అప్పు తీర్చలేని స్థితికి వచ్చేసింది. లోయర్ ఈస్ట్ సైడ్, సౌత్ బ్రాంక్స్ లాంటి పేదల పేటల్లో అద్దెలు గిట్టుబాటు కాక ఇళ్ల ఓనర్లు రిపేర్లు మానేశారు, ఆ తర్వాత పన్ను కట్టడం మానేశారు. ఇన్సూరెన్సు డబ్బుల కోసం సొంత బిల్డింగుకే నిప్పు పెట్టించిన వాళ్లూ ఉన్నారు. పన్ను బకాయిల కింద వేల ఆస్తులు సిటీ ఖాతాలో పడ్డాయి. కాలిన బిల్డింగులను కూలగొట్టి, ఆ ఇటుకల గుట్టను అక్కడే చదును చేసి, చుట్టూ కంచె వేసి వదిలేశారు. సౌత్ బ్రాంక్స్‌లో కొన్ని పేటల జనాభా పదేళ్లలో సగానికి పైగా తగ్గిపోయింది. మిగిలినవాళ్లలో ఎక్కువమంది ప్యూర్టోరికన్లు, నల్లజాతి వాళ్లు. ఇంకెక్కడికీ పోలేక ఉండిపోయినవాళ్లు.

1973లో లిజ్ క్రిస్టీ అనే కళాకారిణి, ఆమె స్నేహితులు కలిసి బవరీ, హ్యూస్టన్ వీధుల మూల మీదున్న చెత్త జాగాను శుభ్రం చేశారు. తమకు తాము గ్రీన్ గెరిల్లాస్ అని పేరు పెట్టుకున్నారు. కంచె దాటి పోలేని చోట్లకు విత్తనాలు, ఎరువు కలిపి చేసిన ఉండలు విసిరేవారు. 1974లో సిటీ ఆ మూల జాగాను నెలకు ఒక్క డాలరు అద్దెకిచ్చింది. 1978లో గ్రీన్‌థంబ్ అనే ప్రోగ్రాం పెట్టి మిగతా తోటలకూ నామమాత్రపు లీజులివ్వడం మొదలుపెట్టింది. ఆ లీజుతో వచ్చే భరోసా అంతంతమాత్రం. సిటీకి అవసరం పడితే నోటీసిచ్చి ఖాళీ చేయించుకోవచ్చు. బిల్డర్లు ఎవరూ ఆ వైపు తొంగిచూడని రోజులు కాబట్టి ఆ షరతును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

నేల మాత్రం మొక్కలకు పనికొచ్చేది కాదు. కూలిన ఇళ్ల పాత పెయింటులోని సీసం మట్టిలో కలిసిపోయి ఉండేది. అందుకని చెక్క పెట్టెలు చేసి, బయట నుంచి తెచ్చిన మట్టి పోసి వాటిలో కూరగాయలు పెంచారు. నీళ్లకు కుళాయి ఉండదు, వీధిలోని ఫైర్ హైడ్రెంటే దిక్కు. పారేసిన బాత్‌టబ్బులు పూల కుండీలయ్యాయి, ఇటుకలు కాలిబాటలయ్యాయి. ఈ తోటల్లో కళ ఎప్పుడు మొదలైందంటే తేదీ చెప్పడం కష్టం. శిథిలాల్లోంచి పనికొచ్చేది ఏరి పక్కన పెట్టుకుని, దీంతో ఏం చేయొచ్చా అని తలగోక్కున్న రోజునే సగం శిల్పం అయిపోయినట్టు.

ఒక్కడి తోట

ఆ దారిలో అందరికంటే దూరం వెళ్లినవాడు ఆడమ్ పర్పుల్. అసలు పేరు డేవిడ్ విల్కీ. ఒంటి మీద బట్టలన్నీ ఊదా రంగువే. అద్దెకున్నవాళ్లంతా వెళ్లిపోయినా, కరెంటూ నీళ్లూ ఆగిపోయినా ఫోర్సైత్ వీధిలో ఒక పాడుబడ్డ బిల్డింగును పట్టుకుని ఏళ్ల తరబడి ఒంటరిగా ఉన్న మనిషి. దాని వెనక జాగాలో 1975లో తోట మొదలుపెట్టాడు. సెంట్రల్ పార్కులో టూరిస్టులను తిప్పే బగ్గీల గుర్రాల లద్దెను సైకిల్ మీద మోసుకొచ్చి, ఇటుక పొడి మీద మట్టి తయారుచేసుకున్నాడు. మధ్యలో యిన్-యాంగ్ గుర్తు, దాని చుట్టూ ఒకదాని వెలుపల ఇంకొకటిగా గుండ్రటి మళ్లు. పక్కన మరో బిల్డింగు కూలితే తోటకు మరో వలయం. అలా పెరిగి పెరిగి 15,000 చదరపు అడుగులైంది. మొక్కజొన్న, దోస, రాస్ప్‌బెర్రీ, వాల్‌నట్ అన్నీ ఆ వలయాల్లోనే. దాని పేరు గార్డెన్ ఆఫ్ ఈడెన్. మాన్‌హాటన్ పేవ్‌మెంట్ల మీద ఊదా రంగుతో పాదముద్రలు వేసుకుంటూ పోయాడు. వాటి వెంట నడిస్తే తోట దగ్గర తేలేవారు.

సిటీ అక్కడ తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇళ్లు కడతామంది. స్టోర్‌ఫ్రంట్ ఫర్ ఆర్ట్ అండ్ ఆర్కిటెక్చర్ అనే చిన్న గ్యాలరీ 1984లో ఒక ప్రయత్నం చేసింది. తోటనూ ఉంచి, ఇళ్లూ కట్టే డిజైన్లు ఇవ్వండని ఆర్కిటెక్టులను అడిగి, వచ్చినవాటిని ప్రదర్శనకు పెట్టింది. తోట చుట్టూ ఇళ్లు కట్టడం సాధ్యమేనని ఆ బొమ్మలు చూపించాయి. హౌసింగ్ డిపార్ట్‌మెంట్ వాటిని పట్టించుకోలేదు. 1986 జనవరి 8న బుల్డోజర్లు వచ్చాయి. గంటంపావులో పని అయిపోయింది.

ఈడెన్‌కు పేరుకేం తక్కువ లేదు. నేషనల్ జియోగ్రాఫిక్‌లో ఫొటో వచ్చింది, దేశదేశాల నుంచి జనం చూడ్డానికి వచ్చారు. చూడ్డానికి వచ్చేవాళ్లు ఎంతమందైనా, ఆ తోట పోతే తమకు నష్టం అనుకునేవాళ్లు ఎంతమంది అన్నదే అసలు లెక్క. వలయాలు ఎక్కడ పెరగాలో, ఏ మొక్క ఎక్కడ పడాలో తేల్చేది ఒక్కడే. అవతలి వైపు ఉన్నదేమో చవక అద్దె ఇల్లు. సిటీ మాట నిలబెట్టుకుంది కూడా, ఆ స్థలంలో ఇళ్లు లేచాయి. ఇరుకు గదిలో ఆరుగురు బతుకుతున్న కుటుంబాన్ని ‘ఇల్లు కావాలా, వలయాలు కావాలా’ అని అడిగే స్థితిని అధికారులే తెచ్చిపెట్టారన్నది నిజం. అయితే ఆ ప్రశ్నకు ‘రెండూ కావాలి’ అని గట్టిగా అరిచే గుంపును ఆ కళ తయారుచేసుకోలేదన్నదీ అంతే నిజం.

దగ్గర్లోనే, రివింగ్టన్ వీధిలో కొందరు శిల్పులు తుక్కు ఇనుమును వెల్డింగ్ చేసుకుంటూ ఒక జాగా నిండా కట్టిన శిల్పాల తోటదీ అదే గతి. 1985లో మొదలైంది, 1987లో బుల్డోజర్ కింద పోయింది.

మెట్లు, గోడలు

లా ప్లాసా కల్చరల్ కథ వేరు. ఈస్ట్ 9వ వీధి, అవెన్యూ సి మూలలో ఉన్న ఈ తోటను 1976లో మొదలుపెట్టింది చరాస్ అనే సంస్థ చుట్టూ చేరిన ప్యూర్టోరికన్ యువకులు, ఇరుగుపొరుగు వాళ్లు. చరాస్ వాళ్లలో కొందరు ఒకప్పుడు వీధి గ్యాంగుల్లో తిరిగినవాళ్లే. బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ లాంటి పేరున్న ఆర్కిటెక్టు దగ్గర జియోడెసిక్ డోములు, అంటే త్రికోణాల చట్రంతో లేపే గుండ్రటి గోపురాలు, కట్టడం నేర్చుకున్నదీ వీళ్లే. పాడుబడ్డ ఇళ్లను రంపంతో నిలువునా కోసి చూపించే కళతో పేరుపడ్డ గోర్డన్ మట్టా-క్లార్క్ ఇక్కడ ఓ చేయి వేశాడు. పాత రైల్వే స్లీపర్లు, కూలిన ఇళ్ల నుంచి తెచ్చిన సామానుతో జనం కూర్చునే అర్ధచంద్రాకారపు మెట్లు లేచాయి. లిజ్ క్రిస్టీ విల్లో చెట్లు నాటింది.

ఆ మెట్లలో ఒక తెలివి ఉంది. శిల్పం చుట్టూ తిరిగి, చూసి వెళ్లిపోతాం. మెట్లు ఉంటే కూర్చుంటాం, కూర్చున్నాక ఎదురుగా ఏదో జరగాలి. నాటకం, పాట, మీటింగు, పిల్లల పుట్టినరోజు. ఖాళీ స్టేజీ ఏ పేటలోనైనా ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు.

1985లో ఆర్ట్‌మేకర్స్ అనే బృందం లా ప్లాసా చుట్టూ ఉన్న గోడల మీద రెండు డజన్లకు పైగా మ్యూరల్స్ వేసింది. లా లూచా, అంటే పోరాటం, అన్నది ఆ ప్రాజెక్టు పేరు. అద్దెలు పెరిగి పేదల్ని తరిమేయడం, దక్షిణాఫ్రికా వర్ణవివక్ష, సెంట్రల్ అమెరికా యుద్ధాలు, పోలీసుల దౌర్జన్యం, వలసలు, స్త్రీల హక్కులు అన్నీ గోడలెక్కాయి. కళగా చూస్తే అన్నీ గొప్పవేం కాదు. నినాదం ముందు, బొమ్మ వెనక అనిపించేవీ ఉన్నాయి. కానీ ఆ గోడల మధ్య తోటను దున్నేయాలంటే, ఆ నినాదాలన్నిటి కళ్లెదుట దున్నాలి.

చిక్కేమిటంటే గోడలు తోటవి కావు. పక్క బిల్డింగులు రిపేరుకు వచ్చాయి, చేతులు మారాయి, కొత్త ప్లాస్టర్ పడింది. మ్యూరల్స్ చాలావరకు అలా మాసిపోతూ, ఊడిపోతూ పోయాయి. వాటి తర్వాత తోటకు గుర్తుగా మారింది కంచె. రోలాండో పొలీటి అనే కళాకారుడు ఖాళీ డబ్బాల రేకులు కత్తిరించి పూలు చేసి ఆ జాలీ కంచె పొడవునా పెట్టాడు. వానకు రంగు వెలుస్తుంది, గాలికి ఒకటీ అరా రాలుతుంది. ఖాళీ డబ్బాకు ఆ పేటలో ఎప్పుడూ కరువుండదు కాబట్టి రాలినచోట ఇంకొకటి పెట్టొచ్చు.

కీచురాళ్లు, కప్ప, వేలంపాట

1990లు వచ్చేసరికి లోయర్ ఈస్ట్ సైడ్ భూమికి రేటొచ్చింది. వెనక్కి చూస్తే సిటీ ధోరణి మారడానికి ఇంతకంటే పెద్ద కారణమేం కనపడదు. 1998లో మేయర్ రూడీ జూలియానీ ప్రభుత్వం తోటల స్థలాలను హౌసింగ్ డిపార్ట్‌మెంట్‌కు బదలాయించింది. 1999 మేలో వందకు పైగా తోటలను వేలం వేస్తామంది. ఇది స్వేచ్ఛా మార్కెట్, కమ్యూనిజం పోయాక వచ్చిన కాలంలోకి రండి అని మేయర్ రేడియోలో వెక్కిరించాడు.

అప్పుడు కళ వీధిలోకి వచ్చింది. నిజానికి 1991 నుంచే ఎర్త్ సెలబ్రేషన్స్ అనే సంస్థ ప్రతి వసంతంలో తోట నుంచి తోటకు ఊరేగింపు తీసేది. కూరగాయల, పురుగుల, నదుల వేషాలు, మనిషి కంటే ఎత్తు బొమ్మలు, డప్పులు. నెలల తరబడి ఆ వేషాలు కుట్టడానికి స్కూలు పిల్లలు, తోటల వాళ్లు ఒకచోట చేరేవారు. ఊరేగింపు ఒక్కరోజే. కుట్టుపని మాత్రం చలికాలమంతా సాగేది. ఎక్కడో చెదురుమదురుగా ఉన్న తోటలు ఒకదాన్నొకటి ఎరిగింది అలాగే. వేలం ప్రకటన వచ్చేసరికి ఫోన్ నంబర్లు చేతిలో ఉన్నాయి. 1998 జులైలో పోలీస్ హెడ్‌క్వార్టర్స్‌లో జరిగిన ఒక వేలంపాట హాల్లోకి ఆందోళనకారులు వేలకొద్దీ కీచురాళ్లను వదిలేశారు. ఆస్తులు కొందామని వచ్చినవాళ్లు కుర్చీలెక్కారు, పాట మాత్రం రద్దు కాలేదు.

ఈస్ట్ 7వ వీధిలోని ఎస్పెరాంజా తోట 1977 నుంచి ఒక ప్యూర్టోరికన్ కుటుంబం చేతుల మీదుగా పెరిగినది. దాన్ని కొన్నది ఆ కోర్టు కేసులోని బిల్డరే, బీఎఫ్‌సీ. 1999-2000 చలికాలంలో ఆందోళనకారులు తోట ముందు భాగంలో ఇనుప చట్రం మీద ఓ భారీ కప్పను కట్టారు. అది కోకీ. ప్యూర్టోరికో దీవిలో రాత్రంతా కూసే బుల్లి కప్ప, అక్కడివాళ్లకు తమ ఊరి గుర్తు. కప్ప కడుపులో మనుషులు పడుకుని రాత్రుళ్లు కాపలా కాసేవారు. శిల్పమే కాపలా గుడిసె. బుల్డోజర్ వస్తే దానికి తమను తాము గొలుసులతో కట్టేసుకునే ఏర్పాట్లూ చేసుకున్నారు. 2000 ఫిబ్రవరి 15న బుల్డోజర్ రానే వచ్చింది. ముప్పై మంది దాకా అరెస్టయ్యారు, కప్ప నలిగిపోయింది. తోటల అమ్మకం ఆపాలని సిటీ మీద కేసు వేసిన స్టేట్ అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ లాయర్లు అదే రోజు కోర్టులో ఉన్నారు. తోటల అమ్మకాల మీద స్టే వచ్చింది. కాకపోతే అప్పటికే ఎస్పెరాంజా నేలమట్టమైంది.

కప్ప ఆ తోటను కాపాడలేకపోయింది. కానీ కప్ప కడుపులో రాత్రుళ్లు గడుస్తున్నకొద్దీ పేపర్లు రాశాయి, టీవీలు చూపించాయి, కేసు ఊపందుకుంది. మిగతా వందల తోటలకు అది చేసిన మేలు తక్కువది కాదు. అంతకుముందే, 1999 వేలానికి ముందు రోజు, నటి బెట్ మిడ్లర్ పెట్టిన న్యూయార్క్ రెస్టొరేషన్ ప్రాజెక్ట్, ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ కలిసి 42 లక్షల డాలర్లు పోసి ఆ తోటలన్నిటినీ కొనేశాయి. 2002లో కొత్త మేయర్ బ్లూమ్‌బర్గ్ హయాంలో స్పిట్జర్ కేసు రాజీ అయింది. దాదాపు 400 తోటలకు పార్క్స్ డిపార్ట్‌మెంట్ కిందనో, ట్రస్టుల కిందనో రక్షణ దొరికింది. కొన్ని డజన్ల తోటలు బిల్డర్లకు పోయాయి. కళ జనాన్ని పోగుచేసింది, జనం గొడవ చేశారు, గొడవకు భయపడి డబ్బూ లాయర్లూ వచ్చారు. ఈ వరసలో ఏ ఒక్క మెట్టు తీసేసినా మిగతావి నిలబడేవి కావు.

పట్టా వచ్చాక

రక్షణ దొరికాక జరిగిన సంగతులు అంత గట్టిగా వినపడవు. అవెన్యూ బి, 6వ వీధి మూలలోని తోటలో ఎడ్డీ బోరోస్ అనే పేట మనిషికి ఒక చిన్న మడి ఉండేది. మిగతావాళ్లు టమాటాలు వేస్తే, అతను 1980ల మధ్య నుంచి చెక్కలు మేకులతో కొట్టుకుంటూ పైకి పోయాడు. వీధిలో దొరికిన టెడ్డీబేర్లు, చెక్క గుర్రాలు, జెండాలు, బొమ్మ కార్లు దానికి వేలాడదీశాడు. 65 అడుగుల ఎత్తు వచ్చింది. టవర్ ఆఫ్ టాయ్స్ అని పేరు పడింది. ఇరుగుపొరుగులో సగం మందికి అది ముద్దు, సగం మందికి చెత్త కుప్ప. మడి దాటి పక్కవాళ్ల మీద నీడ పడుతోందని తోటలోనే గొణుగుడు ఉండేది. బోరోస్ 2007లో చనిపోయాడు. మరుసటి ఏడాది మే నెలలో పార్క్స్ డిపార్ట్‌మెంట్ చెక్క కుళ్లిపోయింది, ప్రమాదం అంటూ టవర్ విప్పేసింది. జూలియానీ కాలాన్ని దాటిన టవరు, తోట భద్రమయ్యాక కూలింది.

చెక్క కుళ్లిందనడం అబద్ధం కాకపోవచ్చు. సేఫ్టీ ఇన్‌స్పెక్టరును తిట్టి లాభం లేదు. అసలు సంగతి ఏమంటే, పార్కుగా మారిన స్థలం మీదికి పార్కు రూల్సన్నీ వస్తాయి. ఏ కట్టడానికైనా పర్మిషన్, ప్రమాదం జరిగితే ఎవరిది బాధ్యత అన్న లెక్క, ఎత్తు, విద్యుత్ కనెక్షన్, రాత్రి బస నిషేధం. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా వారానికి కనీసం 20 గంటలు గేటు తెరిచి ఉంచాలి. ఈ చివరి రూలు మంచిదే. తాళం చెవి ఉన్న పదిమందికే తోట అన్న ఆరోపణకు అది జవాబు. మిగతావి మాత్రం కట్టే వాడి చేతిని పట్టుకునేవి. తోట కాపాడదగ్గది అని చట్టం ఒప్పుకున్నది పచ్చదనం పద్దు కింద. కళకు ఆ పద్దులో గడి లేదు.

కోర్టుల్లో జరిగింది చూసినా అంతే. క్వీన్స్‌లోని 5 పాయింట్జ్ అనే పాత ఫ్యాక్టరీ గోడల మీద గ్రాఫిటీ వేసుకోవడానికి ఓనరే అనుమతిచ్చాడు. 2013లో రాత్రికి రాత్రి తెల్ల సున్నం కొట్టించేసరికి కళాకారులు అదే 1990 నాటి చట్టం కింద పరిహారం కోరారు. 2018లో కోర్టు 67.5 లక్షల డాలర్ల పరిహారం వేసింది, 2020లో అప్పీలులోనూ అది నిలిచింది. ఇంకోవైపు, షికాగోలో చాప్‌మన్ కెల్లీ అనే చిత్రకారుడు 1984లో పార్కుల అధికారుల అనుమతితోనే గ్రాంట్ పార్కులో ఎకరంన్నర అడవిపూల తోట వేశాడు. 2004లో వాళ్లు దాన్ని సగానికి పైగా కుదించారు. 2011లో అప్పీలు కోర్టు ఏమందంటే, ప్రాణమున్న తోట క్షణక్షణం మారేది, ప్రకృతి పెంచేది, ఈ చట్టం కాపాడే కళాఖండం కాజాలదు. ఈస్ట్ సైడ్ తోటల కళ ఈ రెండు గుంటల్లోనూ పడుతుంది. చాలాచోట్ల అనుమతి లేదు, పైగా అది పెరిగే వస్తువు.

వీధి మారిన ఇల్లు

ఈ లెక్కలన్నిటికీ లొంగని రకం ఒకటుంది. కసీటాలు. సౌత్ బ్రాంక్స్, ఈస్ట్ హార్లెమ్, లోయర్ ఈస్ట్ సైడ్ ఖాళీ జాగాల్లో ప్యూర్టోరికన్లు కట్టుకున్న చిన్న చెక్క ఇళ్లు. నేలకు కాస్త ఎత్తుగా గుంజల మీద గది, ముందు వరండా, రేకు కప్పు, ఆకుపచ్చో నీలమో పసుపో కొట్టొచ్చినట్టు రంగు, పైన జెండా. ముందు ఊడ్చి చదును చేసిన మట్టి వాకిలి, దాన్ని బతేయ్ అంటారు. పక్కన మిరప, మొక్కజొన్న, టమాటా, కోళ్లు. లోపల కాపురం ఉండేవాళ్లు తక్కువ. డామినో ఆటకు, వంటకు, పాటకు, ఉబుసుపోకకు వాడే ఇల్లు. పండగ రోజు గందూలెతో అన్నం వండుతారు. గందూలె అంటే మన కందులే.

బ్రాంక్స్‌లో 158వ వీధి, బ్రూక్ అవెన్యూ దగ్గర 1970ల చివర్లో హోసే ‘చేమా’ సోతో, అతని స్నేహితులు కట్టిన రింకోన్ క్రియోల్యో వీటిలో పేరున్నది. బోంబా, ప్లేనా అనే ప్యూర్టోరికన్ సంగీతాలకు న్యూయార్క్‌లో అది ఊటబావిగా మారింది. ప్లేనాను పాడే పేపరు అంటారు. ఊళ్లో జరిగిన ముచ్చట్లూ గొడవలూ పాట కట్టి, చేత్తో పట్టుకుని వాయించే పందెరేతా అనే గుండ్రటి డప్పుల మీద పాడతారు. మూడు సైజుల డప్పులు, మూడు వేరే దరువులు. పెద్దది తాళం పట్టుకుంటుంది, చిన్నది ఎదురు మాట్లాడుతుంది. బోంబాలో ఇంకా తమాషా. డాన్సరు అడుగులకు తగ్గట్టు డ్రమ్మరు వాయించాలి, అంటే లీడు డాన్సరుదే. ఇవన్నీ క్లాసులో నేర్చుకునేవి కావు, వరండాలో పెద్దాయన పక్కన కూర్చుని చేతులు చూసి పట్టుకునేవి. దేశమంతా పేరు తెచ్చుకున్న లోస్ ప్లేనెరోస్ దె లా 21 బృందానికీ ఈ కసీటాకూ దగ్గరి బంధం.

1991లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం కసీటాల మీద ప్రదర్శన పెట్టింది. అదే కాలంలో సిటీ రికార్డుల్లో అవి పర్మిషన్ లేని కట్టడాలు. ఇక్కడ ఒక పక్షపాతం చెప్పుకోవాలి. ఆడమ్ పర్పుల్ వలయాలను, బోరోస్ టవర్‌ను పత్రికలు కళ అన్నాయి, వాళ్లను కళాకారులన్నాయి. కసీటా కట్టిన వడ్రంగులు, ప్లంబర్లు, ఫ్యాక్టరీ కార్మికులు మాత్రం చాలాకాలం ‘జానపదం’ ఖాతాలో ఉండిపోయారు. చేసిన పని చూస్తే వాళ్లదే ఎక్కువ కాలం నిలిచింది. 2000ల్లో ఆ స్థలంలో ఇళ్లు కట్టాలని సిటీ వచ్చినప్పుడు రింకోన్ క్రియోల్యో ఒక వీధి జరిగి 157వ వీధికి చేరింది. కొత్త చెక్కలతో ఇల్లు లేచింది, పాత పాటలే మళ్లీ మొదలయ్యాయి. ఇళ్లూ వచ్చాయి, కసీటా కూడా మిగిలింది. ఈడెన్ విషయంలో వీలు కాదన్నది ఇక్కడ వీలైంది. ఇక్కడి కళ వస్తువులో కాక మనుషుల చేతుల్లో, గొంతుల్లో ఉండటం వల్ల దాన్ని మోసుకుపోగలిగారు. అలాగని జాగా లేకపోయినా నడుస్తుందనుకోవడం పొరపాటు. వరండా ఉండాలి, చప్పుడు చేసినా ఎవరూ పోలీసుల్ని పిలవని పొరుగు ఉండాలి.

ఆ పొరుగే ఇప్పుడు టెన్షన్. న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు యోన్ వోయికూ, విక్కీ బీన్ 2008లో ఇచ్చిన లెక్క ప్రకారం, తోట వచ్చాక చుట్టూ వెయ్యి అడుగుల లోపల ఇళ్ల ధరలు పెరుగుతాయి. బాగా పేద పేటల్లోనైతే ఐదేళ్లలో ఆ పెరుగుదల 9.4 శాతం పాయింట్ల దాకా ఉంటుంది. సొంత ఇల్లున్నవాడికి ఇది శుభవార్త. తోటను పెంచిన వాళ్లలో ఎక్కువమంది అద్దెకున్నవాళ్లు. రేకు పూలు, గోడ బొమ్మలు, శనివారం డప్పులు కలిసి పేటకు తెచ్చిన అందం అద్దె రశీదులోకి ఎక్కితే, దాన్ని కట్టాల్సింది వాళ్లే. తోటలే పేటను ఖరీదు చేశాయనడం అన్యాయం. వాల్‌స్ట్రీట్ డబ్బు, అద్దె చట్టాల సడలింపు వాటికంటే వెయ్యి రెట్లు బలమైనవి. కానీ బిల్డర్ల బ్రోచర్లలో తోట ఫొటో లేకుండా ఉండదు.

లా ప్లాసాకు కాస్త దూరంలో, అదే 9వ వీధిలో, పబ్లిక్ స్కూల్ 64 పాత బిల్డింగు ఉంది. స్కూలు మూతపడ్డాక చరాస్ వాళ్లు దాన్ని బాగుచేసి ఎల్ బోహియో అనే సాంస్కృతిక కేంద్రంగా నడిపారు. నాటకాల రిహార్సల్స్, సినిమాలు, పిల్లల క్లాసులు, చిత్రకారుల స్టూడియోలు, తోటల మీటింగులు అన్నీ అక్కడే జరిగేవి. 1998 జులైలో కీచురాళ్లు వదిలిన వేలంలో అమ్ముడుపోయిన ఆస్తుల్లో అదొకటి. ఒక డెవలపర్ 31.5 లక్షల డాలర్లకు పాడుకున్నాడు. 2001 డిసెంబర్‌లో చరాస్‌ను ఖాళీ చేయించారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఆ బిల్డింగు తాళం వేసి ఖాళీగా పడి ఉంది. లా ప్లాసాలో మొక్కలున్నాయి కాబట్టి పార్క్స్ డిపార్ట్‌మెంట్ దాన్ని కాపాడింది. ఎల్ బోహియోలో కళ మాత్రమే ఉంది, దాన్ని ఏ డిపార్ట్‌మెంట్ కింద వేయాలో ఎవరికీ తోచలేదు.